నాలుగు చుక్కల నీళ్ళు

మా అమ్మ ఒంట్లో లేని రక్తాన్ని నేను నాలుగు చుక్కల నీళ్ళతో పెంచాను. ఈ మాట ఇప్పటిదాకా కాగితం మీద పెట్టలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను అనకాపల్లిలో ఒక చిన్న రక్తపరీక్షల లేబ్‌లో పనిచేసేదాన్ని. మెయిన్ రోడ్డులో మందుల కొట్టు పైన రెండు గదులు. పొద్దున్నే తాళం తియ్యడానికి వెళ్ళేసరికి చీడికాడ నుంచీ రావికమతం నుంచీ మొదటి బస్సుకి వచ్చినవాళ్ళు మెట్ల మీద కూర్చుని ఉండేవారు. పెద్ద ఊళ్ళలో అప్పటికే ఇలాంటి పరీక్షలకి యంత్రాలు వచ్చేశాయి. మా దగ్గర పాత పద్ధతే. వేలికొస గుచ్చి, సన్న గొట్టంతో గీత దాకా రక్తం పీల్చి, అడుగున కాస్త యాసిడ్ పోసిన గాజు గొట్టంలోకి వదలాలి. పది నిమిషాలు ఆగితే అది టీ డికాక్షన్ రంగులోకి తిరుగుతుంది. ఆ గొట్టానికి అటూ ఇటూ గోధుమరంగు గాజు పలకలుంటాయి. అక్కడినుంచి చుక్క చుక్కగా నీళ్ళు కలుపుతూ, గాజు పుల్లతో తిప్పుతూ, లోపలి రంగు పక్క పలకల రంగుతో కలిసేదాకా పోవాలి. కలిసినప్పుడు నీళ్ళు ఏ గీత మీద నిలిస్తే అదే ఆ మనిషి హిమోగ్లోబిన్ అంకె. చిక్కటి రక్తానికి ఎక్కువ నీళ్ళు పడతాయి, అంకె పెరుగుతుంది. పలచటి రక్తానికి కాసిని నీళ్ళకే రంగు తేలిపోతుంది. తీర్పు చెప్పేది కన్ను.

నా కన్ను మీద నాకు పొగరుండేది. మా లేబ్ సారు కూడా అనుమానం వస్తే గొట్టం పట్టుకొచ్చి నా మొహాన పెట్టేవాడు. కిటికీ దగ్గర వెలుతురుకి పట్టుకుని చూసి, "సారూ, ఇంకో చుక్క పడతాది" అనేదాన్ని. పడేది. ఆ పొగరు ఎక్కడికి తీసుకెళ్ళిందో చెప్పడానికే ఇదంతా.

మా అమ్మ చర్చి వాళ్ళ ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. నాన్న బెల్లం మార్కెట్లో కళాసీగా ఉండి, లారీ మీద బస్తాలు సర్దుతూ జారిపడి పోయాడు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. ఇక మిగిలింది అమ్మా నేనూ, అమ్మ చుట్టా.

అమ్మ తాగేది అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పెదాలు బిగించడం. మా వైపు ఆడవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. గాలికి ఆరదు, బూడిద కూరలో రాలదు, రెండు చేతులూ పనిలో ఉన్నా ఇబ్బంది లేదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ మా అమ్మ దగ్గర నిప్పు కనపడేదే కాదు. పాస్టరు గారు ఎదురొస్తే చటుక్కున తీసి వీపు వెనక పట్టుకుని "వందనాలయ్యగారూ" అనేది. ఆయనకీ తెలుసు. ఆయన తల్లీ అదే తాగి పోయిందట.

అలా తాగేవాళ్ళకి అంగిలి మీద తెల్ల మచ్చలుంటాయి. అమ్మకీ ఉండేవి, ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఏడు చలి తగ్గుతున్న రోజుల్లో అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలకుండా ఆగిపోవడం మొదలుపెట్టింది. ఒకరోజు బలవంతంగా నోరు తెరిపించి టార్చి వేసి చూశాను. అంగిలి నడుమ రూపాయి బిళ్ళంత పుండు. అంచులు గట్టిగా లేచి ఉన్నాయి. వేలితో తాకితే అమ్మ అరవలేదు, కళ్ళంట నీళ్ళు మాత్రం కారాయి. లేబ్‌లో పనిచేసేవాళ్ళకి ఉండే శాపం అది. డాక్టరు నోరు విప్పేలోపే సగం తెలిసిపోతుంది, మిగతా సగం భయం పూరించేస్తుంది.

విశాఖపట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. ముక్క తీసి పరీక్షకి పంపారు. క్యాన్సరే. ఆపరేషన్ అయితే అంగిలి చాలావరకు తీసెయ్యాలన్నారు. అమ్మ ససేమిరా అంది. "నోటికి కప్పు పీకీసేక నానింకేటి తినీది? దానికన్నా సావే నయం." ఇక మిగిలింది కరెంటు. రేడియేషన్‌ని మావైపు కరెంటు పెట్టడం అనే అంటారు. వారానికి ఐదు రోజులు, ఏడు వారాలు.

డాక్టరు నడివయసు మనిషి, తక్కువ మాటలు. మొదటిరోజే రెండు షరతులు పెట్టాడు. పొగ పూర్తిగా మానెయ్యాలి. రక్తం పదికి తగ్గకూడదు. తగ్గితే రక్తం ఎక్కించాకే కరెంటు. "మీరు లేబ్‌లోనే చేస్తున్నారు కదా, ప్రతి శనివారం మీరే చూసి సోమవారం చీటీ తెచ్చెయ్యండి. ఇక్కడ క్యూలో పడిగాపులు ఎందుకు" అన్నాడు. ఎందుకు పది ఉండాలని నేను అడగలేదు. అడిగితే తెలియనిదాన్నని తేలిపోతుందని నామోషీ. నీరసం రాకుండా అనుకున్నాను. అంతే అనుకున్నాను.

రక్తం మాట వినగానే అమ్మ మొహం మారిపోయింది. బయటికొచ్చాక ఆసుపత్రి గేటు దగ్గర నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మీ నానకి రగతం ఎక్కించేరు. సీసా అయిపోయింది, తెల్లారీసరికి మనిషీ అయిపోయేడు. నా కళ్ళతో సూసేను. కరెంటన్నారు, సరే. నాకు రగతం మాటెత్తితే మాత్రం ఆ కరెంటూ వద్దు, ఏటీ వద్దు. ఇంటికాడే సచ్చిపోతాను. బైబిలు మీద సెయ్యేసి సెప్తన్నాను."

నాన్న తలకి తగిలిన దెబ్బతో పోయాడు, రక్తం వల్ల కాదు. ఆ సంగతి నేను చెప్పాను. ఆమె వినలేదు. మా అమ్మ మాటంటే మాటే, ఈ విషయంలో తల్లికి తగ్గ కూతుర్ని నేను.

పొద్దున పాసింజరు బండిలో వెళ్ళేవాళ్ళం. తల కదలకుండా ఉండడానికి అమ్మ మొహానికి సరిగ్గా సరిపోయేలా వలలాంటి గట్టి తొడుగు చేశారు. అది మొహం మీద పెట్టి బల్లకి బిగిస్తే అమ్మ కళ్ళు ఆ కన్నాల్లోంచి నన్నే వెతికేవి. తర్వాత అందరినీ బయటికి పంపేసి మందపాటి తలుపు మూసేవారు. తలుపు మీద ఎర్ర లైటు వెలిగేది. అది వెలిగినంతసేపూ నేను ఊపిరి బిగబట్టుకుని నిలబడేదాన్ని. ఆరిపోయాక వదిలేదాన్ని. ఎవరు చెప్పారు అలా చెయ్యమని? ఎవరూ చెప్పలేదు. ఒక్కరోజు మర్చిపోయి మధ్యలో ఊపిరి తీసుకుంటే ఆ రోజంతా ఏదో తప్పు జరిగిపోయిందని భయపడుతూ తిరిగాను. డిగ్రీ చదివిన మనిషిని, అలా తయారయ్యాను.

రెండు వారాలకి నోరు పూసింది. గంజి కూడా మింగలేకపోయేది. మనిషి సగం అయింది. మూడో శనివారం మధ్యాహ్నం లేబ్‌లో జనం తగ్గాక అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి వేలు గుచ్చాను. చుక్క వచ్చింది. రంగు పలచగా ఉంది. పది నిమిషాలాగి, గొట్టం కిటికీ దగ్గర పట్టుకుని నీళ్ళు కలపడం మొదలుపెట్టాను. ఎనిమిదిన్నర దగ్గర రంగు కలిసిపోయింది. అనుమానమే లేదు.

వెనక కుర్చీలోంచి అమ్మ అడిగింది. "ఎంతొచ్చిందే?"

నేను వెనక్కి తిరగలేదు. ఎనిమిదిన్నర అంటే రక్తం ఎక్కించాలంటారు. రక్తం అంటే అమ్మ రేపటినుంచి బండెక్కదు. కరెంటు సగంలో ఆగితే ఆ పుండు ఊరుకోదు. నా లెక్క ఇదే. ఇప్పుడు రాస్తుంటే ఎంత తేలిగ్గా ఉందో, అప్పుడూ అంత తేలిగ్గానే తోచింది. అయితే గొట్టంలో లేని అంకె చీటీ మీద రాయడం నాకు చేతకాలేదు. అన్నేళ్ళ అలవాటు. అందుకని ముందు గొట్టం చేతే ఆ మాట అనిపించాను. ఒక చుక్క. పుల్లతో తిప్పాను. ఇంకో చుక్క. మూడోది. నాలుగోది పడేసరికి నీళ్ళు పది గీత మీద నిలిచాయి. లోపలి రంగు పక్క పలకల కన్నా వెలిసిపోయి ఉంది, చూడకూడదనుకుంటే కనపడనంత. నేను గీత ఒక్కటే చూశాను. చీటీ మీద పది అని రాసి సంతకం పెట్టాను.

"పది వచ్చిందమ్మా."

"మరేటి, నాను సెప్పలేదా? ఊరికే బయపడిపోతావు" అంది అమ్మ. ఇంటికి వెళ్ళే దారిలో హుషారుగానే నడిచింది.

సోమవారం డాక్టరు చీటీ చూసి తలూపి ఫైల్లో పెట్టేశాడు. ఇంత తేలికా అనుకున్నాను.

నాలుగో వారం గురువారం ఆయన అమ్మ నోట్లో లైటు వేసి చాలాసేపు చూశాడు. గ్లౌజు వేసుకుని వేలితో నొక్కి చూశాడు. అమ్మని బయట బల్ల మీద కూర్చోమని, నన్ను ఉండమన్నాడు.

"అంచులు కరిగాయి. నడుమ మాత్రం గట్టిగా అలాగే ఉంది. ఈపాటికి ఇంకా మెత్తబడాలి. ఆవిడ పొగ తాగడం లేదు కదా?"

"లేదండీ."

"రక్తం పది ఉంది..." అని ఫైలు తిరగేశాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను వెంటనే, "రక్తానికీ దీనికీ ఏంటండీ సంబంధం?" అన్నాను. మొదటిరోజు అడగాల్సిన ప్రశ్న అది.

ఆయన ఆ రోజు ఎందుకో తీరిగ్గా చెప్పాడు. గడ్డ తొందరతొందరగా పెరుగుతుంది, దాని లోపలికి రక్తనాళాలు అంత తొందరగా పెరగవు. పై పొరలకి రక్తం అందుతుంది, నడుమకి అందదు. రక్తం అందకపోతే ఆక్సిజన్ అందదు. "గాలి లేకపోతే ఆ కణాలు చచ్చిపోవాలి కదా అనుకుంటాం. కొన్ని చస్తాయి. కొన్ని చావకుండా అలాగే మొండిగా పడుంటాయి. కరెంటు తగిలినప్పుడు కణం లోపల విరుపు వస్తుంది. ఆక్సిజన్ ఉంటే ఆ విరుపు మళ్ళీ అతుక్కోదు, కణం చస్తుంది. ఆక్సిజన్ లేకపోతే విరిగింది విరిగినట్టే అతుక్కునే వీలుంది. అదే కరెంటు, అదే దెబ్బ, పైనున్నవి చస్తాయి, నడుమవి తప్పించుకుంటాయి."

"మరి రోజూ పెడుతున్నారు కదండీ?"

"అందుకే రోజూ కొంచెం కొంచెం పెడతాం. పైవి చచ్చేకొద్దీ లోపలివాటికి గాలి తగులుతుంది, అప్పుడు అవీ దొరుకుతాయి. కానీ ఆ గాలిని మోసుకెళ్ళేది రక్తమేగా. రక్తం తక్కువైతే మోసేవాళ్ళు తక్కువ. పొగ తాగితే మోసేవాళ్ళ బుట్టల్లో గాలికి బదులు పొగ కూర్చుంటుంది. ఎలా చూసినా నడుమకి అందదు."

మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి చెరకు పిప్పి కుప్ప తెలుసు. వానకి తడిసిన కుప్పకి నిప్పంటుకుంటే పైన భగ్గున కాలిపోతుంది, బూడిద తీసి చూస్తే నడుమ పిప్పి పచ్చిగా, చల్లగా అలాగే ఉంటుంది. చిన్నప్పుడు కర్రతో కెలికి చూసేవాళ్ళం. నేను ఆ కుర్చీలో కూర్చుని అమ్మ అంగిలిలో ఆ పచ్చి ముద్దని చూశాను. ఊపిరాడని చోట బతకడం నేర్చుకున్నది, కరెంటుకి లొంగనిది, నేను నాలుగు చుక్కల నీళ్ళు పోసి దాచిపెట్టినది. ఆయన ఇంకా ఏదో చెప్తున్నాడు, "అన్నీ సరిగ్గా ఉన్నా కొన్ని గడ్డలు ఇంతే, మన చేతుల్లో లేదు" అన్నాడు. నేను చెప్పాల్సింది అప్పుడే. తేలు కుట్టిన దొంగలా లేచి బయటికొచ్చేశాను.

ఆ సాయంత్రం ఇంట్లో నాకు కాలు నిలవలేదు. అమ్మ దొడ్లోకి వెళ్ళి చాలాసేపైనా రాలేదు. కళ్ళు తిరిగి పడిపోయిందేమోనని పరుగున వెళ్ళాను. స్నానాల గది తడిక వెనక గోడకి ఆనుకుని గొంతుక్కూర్చుని ఉంది. పెదాల మధ్యనుంచి చుట్ట తోక బయటికి కనపడుతోంది. నిప్పు లోపల, ఆ పుండు కింద.

నేను అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు గోడ మీంచి చూశారు. చుట్ట లాక్కుని నేలకేసి కొట్టాను. ఏమేం తిట్టానో గుర్తులేదు, గుర్తున్నవి రాయను.

"మంట తట్టుకోలేకపోతన్నానే" అంది అమ్మ. "రెండంటే రెండు దమ్ములు. మంట మీద మంటెడితే కాసేపు మొద్దుబారతాది. నీకు తెలిత్తే బాదపడతావని..."

"ఎన్నాళ్ళనుంచి?"

"కరెంటెట్టిన రెండో వారం కాణ్ణుంచి."

ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. వాటి అడుగున ఇంకోటి కూడా వచ్చింది, అది చెప్పకపోతే ఈ రాతకి అర్థం లేదు. హమ్మయ్య అనిపించింది. తప్పు మొయ్యడానికి ఇంకో మనిషి దొరికింది. ఆ మనిషి మా అమ్మ.

మర్నాడు డాక్టరు దగ్గర నేనే చెప్పాను, పొగ తాగుతోందండీ అని. ఆయన అమ్మ మీద గట్టిగానే కేకలేశాడు. పొగవల్ల లోపలికి గాలి అందక గడ్డ చావడం లేదని, ఇంత వైద్యం బూడిదలో పోసిన పన్నీరవుతోందని. అమ్మ రెండు చేతులూ జోడించి నిలబడింది. ఆయన నావైపు తిరిగి, "రక్తం బాగానే ఉంది కాబట్టి ఇక కారణం ఇదే అయ్యుండాలి" అన్నాడు. నేను తలూపాను. ఆ తలూపడం నాకు ఇప్పటికీ మెడలో తెలుస్తుంది.

శనివారం అమ్మ వేలు గుచ్చాను. ఎనిమిది. ఈసారి నీళ్ళు పొయ్యలేదు. నిజమూ రాయలేదు. తేదీ వేసి, అంకె ఉండాల్సిన చోటు వదిలేసి చీటీ బైబిల్లో పెట్టుకున్నాను. అమ్మ ఎంతని అడగలేదు. గురువారం నుంచి ఆమె దేని గురించీ అడగడం మానేసింది.

ఆదివారం ఆరాధనలో పాటలయ్యాక సాక్ష్యాల సమయం. జబ్బు నయమైనవాళ్ళు, ఉద్యోగం వచ్చినవాళ్ళు, తప్పు చేసి బాధపడుతున్నవాళ్ళు ఎవరైనా లేచి నలుగురిలో చెప్పుకోవచ్చు. ఆడవాళ్ళ వైపు చాపల మీద నా పక్కన కూర్చున్న మా అమ్మ, నా భుజం మీద చెయ్యి ఆనించి లేచింది. ఆవిడ జన్మలో ఎప్పుడూ సాక్ష్యం చెప్పలేదు. నోరు పూసి ఉండడంతో మాట సగం సగం వస్తోంది.

"దేవుడు నాకు వైద్యం ఇచ్చేడు. నా కూతురు పని మానుకుని రోజూ తిప్పతంది. నాను దొంగసాటుగా సుట్ట తాగేను. నా నోట్లో గెడ్డకి కరెంటు అందకుండా నానే సేసుకున్నాను. డాట్రు బాబుకీ నా కూతురికీ ద్రోహం సేసేను. నా కోసరం ప్రార్దన సెయ్యండి."

కూర్చుంది. కొందరు ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. పాస్టరు గారు కళ్ళద్దాలు తుడుచుకుని, "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగారు. ఆయన ఎప్పుడూ అడిగే మాటే. నా ఒళ్ళో బైబిలు, బైబిల్లో ఖాళీ చీటీ. నేను చాప అల్లిక వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన కాసేపు ఆగి ప్రార్థన మొదలుపెట్టారు. నేను లేవలేదు.

సోమవారం అమ్మ తొడుగు కిందికి వెళ్ళకముందే డాక్టరు గదికి వెళ్ళి తలుపు దగ్గరికేసి చెప్పేశాను. చీటీ బల్ల మీద పెట్టి, నీళ్ళ చుక్కలతో సహా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన కలం మూత పెట్టి చాలాసేపు ఆ ఖాళీ చోటు చూశాడు.

"ఇది ఒక్కటే అని చెప్పలేను. కాదనీ చెప్పలేను" అన్నాడు చివరికి. "ముందు రక్తం ఎక్కిద్దాం."

అమ్మకి చీటీ సంగతి చెప్పమని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. రక్తం తగ్గిందని మాత్రమే చెప్పాడు. బైబిలు మీద చెయ్యేసిన మనిషి ఇక ఇంటిదారి పడుతుందనుకున్నాను. అమ్మ నావైపు చూసింది.

"ఎవరి రగతం ఎక్కిత్తారు?"

"నా రక్తం గ్రూపు నీదానితో కలిసిందమ్మా. నాదే ఇస్తాను."

"నీదా?" అంది. ఆమె మొహంలో బిగువంతా సడలిపోయింది. "నీదైతే నాకేటి బయం? ఆ మాట ముందే అడిగుంటే ఎప్పుడో ఎక్కించీసుకుందును కదే."

నేను ఆసుపత్రి వరండాలోకి వెళ్ళి గోడకి మొహం పెట్టుకుని నిలబడ్డాను. ఆమె భయం రక్తమంటే కాదు, పరాయి సీసా అంటే. ఒక్కసారి కూర్చోబెట్టి అడిగి ఉంటే తెలిసేది. గొట్టంలో రంగు చూసి ఎనిమిదిన్నరో ఎనిమిదీ ముప్పావో చెప్పగలిగే కన్ను, ఎదురుగా ఉన్న మనిషిని చూడలేకపోయింది.

నా రక్తం ఎక్కించారు. అమ్మ చుట్ట ముట్టలేదు. మిగిలిన వారాలు కరెంటు పూర్తయింది. పుండు ఎండింది, గడ్డ చాలావరకు కరిగింది. నడుమ మాత్రం కందిపప్పు బద్దంత గట్టిదనం మిగిలిపోయింది. "చూద్దాం" అన్నాడు డాక్టరు. నెలనెలా వెళ్ళి చూపించుకున్నాం. ఆ నెలల్లో నేను నిద్ర లేవగానే చేసే మొదటి పని అమ్మ నోట్లో టార్చి వెయ్యడం. అమ్మ కూడా నేను టార్చి తియ్యగానే నోరు తెరిచేది. దేవుడి కన్నా ముందు ఆ బద్దకే దణ్ణం పెట్టుకునేదాన్ని, పెరగకు, పెరగకు అని.

ఏడాది తిరక్కుండా పెరిగింది. మెడలోకీ దిగింది. ఇక కరెంటు పెట్టడానికి లేదన్నారు.

ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని చెంచాతో మజ్జిగ పడుతున్నాను. అమ్మ నా చెయ్యి ఆపింది. మాట గొంతులోంచి గాలిలా వస్తోంది.

"ఆ సుట్ట ముందే మానీసుంటే బతికీసుందును. నాకు తెలుసు. నీకు ఎంత కష్టం పెట్టేసేనే."

అది ఆమె నూరోసారి అనడం. ప్రతిసారీ "ఊరుకోమ్మా" అనేసేదాన్ని. ఆ రోజు చెంచా గ్లాసులో పెట్టేశాను.

"అమ్మా, మూడో వారం నీ రగతం పది లేదు. ఎనిమిదిన్నరే ఉంది. నువ్వు బండెక్కడం మానీత్తావని బయపడి, నీళ్ళు కలిపీసి పది అని రాసీసేను. రగతం లేకపోయినా గెడ్డకి గాలందదంట. నీ సుట్ట ఒక్కటే కాదు. నాను కూడా."

అమ్మ కళ్ళు మూసుకుంది. తిడుతుందని, ఏడుస్తుందని, క్షమించానంటుందని, మూడింటికీ సిద్ధంగా ఉన్నాను. కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఆ తొడుగు కన్నాల్లోంచి వెతికినట్టే చూసింది.

"మరి ఆ ఆదివారం సర్చిలో నన్నొక్కదాన్నే నిలబడనిచ్చేవేటే?" అంది.